పదకొండో విజిల్: డిప్రెషన్ మీద నవ్వించే సొంత షార్ట్ ఫిల్మ్ తీయడం ఎలా

మూడు విజిల్స్ రాగానే స్టవ్ ఆపమని చెప్పి అమ్మ కూరగాయలకు వెళ్లింది. నేను హాల్లో చాప మీద పడుకుని ఉన్నాను. ఒకటి వచ్చింది. రెండు. మూడు కూడా వచ్చింది. లేవాలని తెలుసు. వంటింటికి ఎనిమిది అడుగులు. నాలుగు, ఐదు, ఆరు. ఏడుకి లేద్దాం అనుకున్నాను. ఏడు వెళ్లిపోయింది. ఎనిమిది శని అంకె, తొమ్మిదికి లేద్దాం అనుకున్నాను. పదకొండో విజిల్‌కి పక్క పోర్షన్ ఆంటీ వచ్చి బెల్ కొట్టింది. రాత్రి అన్నంలో ఆ పప్పు పోసుకుంటూ అమ్మ అడిగింది: "ఇయాల పప్పుచారు చేసినవా బిడ్డా?"

ఆ పదకొండు విజిల్సే నా ఎనిమిది నిమిషాల షార్ట్ ఫిల్మ్‌లో మొదటి సీన్. చూసేవాళ్లు ఆరో విజిల్ దగ్గర నవ్వుతారు. పదో విజిల్‌కి హాల్లో చప్పుడుండదు. ఆ నవ్వు నుంచి ఆ నిశ్శబ్దం దాకా జనాన్ని ఎలా తీసుకెళ్లాలో నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇదంతా రాస్తున్నాను.

నేను యూసుఫ్‌గూడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఆఫీసులో అందరినీ నవ్వించే మనిషిని నేనే. ఎవరైనా "ఎట్లున్నవ్" అంటే ఒక జోకు పడేసి తప్పించుకునేదాన్ని. ఆ జోకు తలుపుకు లోపలి గడియ లాంటిది. డిప్రెషన్‌లో ఉన్న చాలామంది దగ్గర ఆ గడియ ఉంటుంది, అందుకే మనల్ని చూసి "ఈమెకేం, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది" అంటారు. సినిమాలోకి ఆ గడియ జోకులు పనికిరావు. ప్రతి జోకు దగ్గరా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది విన్నాక ఎదుటివాడికి నా గురించి కొత్తగా ఒక సంగతి తెలిసిందా, లేక నేను మళ్లీ తప్పించుకున్నానా?

మొదలుపెట్టే ముందు

బాగా కిందికి పడిపోయి ఉన్న రోజుల్లో ఈ పని మొదలుపెట్టకండి. డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ఫారం ఉంటుంది. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు. తొమ్మిదో ప్రశ్న చావు గురించిన ఆలోచనలది. దానికి మీ జవాబు "అస్సలు లేదు" కాకపోతే, మిగతా మార్కులు ఎంతైనా సరే, కెమెరా పక్కన పెట్టి ముందు డాక్టర్‌తో మాట్లాడండి. రాత్రిపూట అయితే 14416కి ఫోన్ చేయండి. అది 2022లో మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్. డబ్బులేం ఉండవు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

మా డాక్టర్‌కి చెప్పినప్పుడు ఆవిడ అన్నది ఇది: "తీయమ్మా. కానీ సినిమా పూర్తయితే నువ్వు బాగైనట్టని మాత్రం లెక్క పెట్టుకోకు." మధ్యలో రెండు నెలలు సినిమా ఆగిపోయినప్పుడు ఆ మాటే నన్ను కాపాడింది.

1. చిట్టా రాయండి, జోకులు రాయకండి

మూడు వారాల పాటు ఫోన్‌లోనో నోట్‌బుక్‌లోనో జరిగింది జరిగినట్టు రాయండి. రాసే ఓపిక లేకపోతే వాయిస్ రికార్డ్ చేయండి. నవ్వు తెప్పించాలని చూడొద్దు. నా చిట్టాలోంచి కొన్ని:

"మంగళవారం. తలస్నానం చేశాను. ఎవరికైనా ఫోన్ చేసి చెప్పాలనిపించింది."

"గురువారం. కుర్చీ మీద బట్టల గుట్ట. అందులోంచి తీసి వేసుకోవడం, మళ్లీ అందులోనే పడేయడం. ఈ ఇంట్లో బీరువా ఎందుకు కొన్నారో అర్థం కావడం లేదు."

"శుక్రవారం. చిన్నమ్మ ఫోన్. 'పొద్దుగాల్నే లేసి వాకింగ్ చెయ్యి, అన్నీ పోతయి.' పొద్దుగాల్నే లేవగలిగితే నాకు రోగమే లేదు కదా చిన్నమ్మా."

"శనివారం. ఎడిటింగ్‌లో నాలుగు గంటలు అక్షింతలు. వరసగా అందరూ నవ్వుతున్నారు. వాళ్ల నవ్వులకు కలర్ కరెక్షన్ చేసి ఇంటికొచ్చాను."

మూడు వారాలయ్యాక మూడు కుప్పలు చేయండి: ఊళ్లోవాళ్ల మాటలు, మీ బుర్ర మీతో ఆడే బేరాలు, ఇంట్లో వస్తువులు. అందరూ మొదటి కుప్ప మీద పడతారు, ఎందుకంటే చిన్నమ్మల సలహాలు తేలిగ్గా నవ్వు తెప్పిస్తాయి. కానీ అవి అందరి ఇళ్లలోనూ ఉన్నవే. రెండో కుప్ప మాత్రం మీ ఒక్కరిదే. "ఎనిమిది శని అంకె, తొమ్మిదికి లేద్దాం" అన్నది బయటినుంచి ఎవరూ రాయలేరు. జబ్బు ఎలా పనిచేస్తుందో కూడా అందులోనే కనిపిస్తుంది. లేవాలన్న తెలివి ఉంటుంది, లేవలేకపోవడానికి కారణాలు వెతికే తెలివీ ఉంటుంది, ఒళ్లు మాత్రం కదలదు. దాన్ని బద్ధకం అనేవాళ్లకు ఈ సీన్ ఒక్కటి చూపిస్తే సగం గొడవ తీరిపోతుంది.

2. ఎవర్ని చూసి నవ్వాలో తేల్చుకోండి

హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. కాస్త తేడాగా మాట్లాడితే చాలు, "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలిరా" అంటారు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పాపం ఆ పేటే జోకైపోయింది. మన సినిమాల్లో కూడా ఎన్నో కామెడీ ట్రాకులు దాని మీదే బతికాయి. ఈ జోకు నాకు పడదు. నవ్వితే నవ్వారని కాదు. వైద్యానికి వెళ్లేవాణ్ణి చూసి నవ్వడం వల్ల, వెళ్లాల్సినవాడు బస్ దిగకుండా తర్వాతి స్టాపుకు వెళ్లిపోతాడు. కావాలంటే దాన్ని తిప్పి వాడండి. నేను మొదటిసారి అక్కడికి ఆటో మాట్లాడుకున్నప్పుడు డ్రైవర్ అడగకపోయినా "మా బంధువును చూడ్డానికి" అని చెప్పాను. అతను "మా బంధువుకు కూడా నెలకోసారి పోతా" అన్నాడు. దారి పొడవునా ఇద్దరం ఆ లేని బంధువుల ఆరోగ్యం గురించి చాలా మర్యాదగా మాట్లాడుకున్నాం. ఆ సీన్ సినిమాలో ఉంది, ఒక్క మాట మార్చలేదు.

మందుల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. డిప్రెషన్ మందులు పనిచేయడం తెలియడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది, వాటిని డాక్టర్‌ని అడగకుండా టక్కున ఆపకూడదు. "ఈ గోళీలతో ఏమీ కాదు" అనే జోకు విని ఒక్కరు మానేసినా ఆ నవ్వు మనకొద్దు. నేను జోకును గోళీ మీద కాకుండా నా తొందర మీద పెట్టాను. మొదటి గోళీ వేసుకుని, అన్నం ఉడికిందో లేదో మూత తీసి చూసినట్టు పది నిమిషాలకోసారి అద్దంలో నన్ను నేను చూసుకుంటుంటాను. నీళ్లు తాగి మళ్లీ చూసుకుంటాను. 20 సెకన్ల షాట్ అది.

3. స్క్రిప్టుకు బుర్రకథ అచ్చు

ఇలాంటి సినిమాల్లో అందరూ మొదట రాసేది ఒక్క గొంతు వాయిస్ ఓవర్. "ఆ రోజు నాకు ఎందుకో..." అని మొదలవుతుంది. రెండు నిమిషాలు దాటితే విసుగొస్తుంది, నా మొదటి డ్రాఫ్టు అదే. తర్వాత గుర్తొచ్చింది, మనకు ఇంతకంటే మంచి అచ్చు ఎప్పటినుంచో ఉందని. బుర్రకథలో మధ్యన తంబూరాతో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెప్తారు, ఇంకొకరు రాజకీయం, అంటే లోకం మీద వ్యాఖ్యానం. ఎంత ఏడుపు కథైనా వంత మధ్యలో దూరతాడు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క దూరినట్టే. మన తాతలు దుఃఖాన్ని ఏకబిగిన చూడలేదు, మధ్యలో ఊపిరి పీల్చుకుంటూ చూశారు.

కథకురాలు నేను. హాస్య వంత నా బుర్ర. రాజకీయ వంత లోకం. ఇలా రాసుకున్నాను:

నేను: పాల ప్యాకెట్ బయటే ఉంది. తెచ్చుకోవాలి.
లోకం: మా కాలంలో పాల కోసం గంటసేపు లైన్లో నిలబడేవాళ్లం. డిప్రెషన్ ఎక్కడిది?
బుర్ర: విన్నావా? ఇప్పుడు లైన్ లేదట. అంటే తొందర లేదు.
నేను: పాలు విరుగుతాయి.
బుర్ర: విరిగితే పన్నీర్.

మూడు గొంతులూ మీరే చెప్పొచ్చు. గొంతు మార్చి మిమిక్రీ చేయొద్దు, వేగం మార్చండి చాలు. బుర్ర గబగబా, లోకం నిదానంగా, నేను ఇద్దరి మధ్య అందకుండా.

ఒక్క చోట మాత్రం హాస్య వంత జవాబు చెప్పకూడదు. వంతలు ప్రతిదానికీ తందాన తాన అంటుంటారు కాబట్టి, అనని చోట ఊరంతా తలెత్తి చూస్తుంది. నా సినిమాలో అది ఆరో నిమిషంలో వస్తుంది. అమ్మ నా తలకు నూనె రాస్తూ "నాతోని చెప్పొచ్చు గదనే" అంటుంది. బుర్ర ఏదో అంటుందని జనం ఎదురుచూస్తారు. అనదు. ఆ చోటు ఎక్కడో ముందే తేల్చుకుని, అక్కణ్ణుంచి వెనక్కి రాసుకుంటూ రండి.

నిడివి పది నిమిషాలు దాటనివ్వొద్దు. ఒక్క రోజు కథ చాలు. బాల్యం, బ్రేకప్, ఉద్యోగం అన్నీ చెప్పాలని చూస్తే అది కేస్ షీట్ అవుతుంది.

4. ఇంట్లోవాళ్లను అడగండి

షూటింగ్ అయ్యాక చెప్పడం కాదు, స్క్రిప్టు చదివి వినిపించి అడగాలి. అమ్మ మొత్తం విని అడిగింది ఒక్కటే.

"నన్ను జూసి నవ్వుతరానే?"

"నన్ను చూసి నవ్వుతారమ్మా. నువ్వు పక్కనుంటావు."

"అట్లయితే మంచి చీర కట్టుకుంట."

అన్నట్టే మంగళవారం ఉదయం పప్పు కడగడానికి పోచంపల్లి పట్టుచీరలో వచ్చింది. మార్చుకోమని చెప్పబోయి ఊరుకున్నాను. సినిమాలో దానికి ఏ వివరణా లేదు. అందరికంటే ఎక్కువ నవ్వు దానికే వస్తుంది, ఆ నవ్వులో అమ్మను తక్కువ చేసింది ఏమీ లేదు.

చిన్నమ్మ మాత్రం "మాట వాడుకో, గొంతు వద్దు, ఏ చిన్నమ్మనో చెప్పకు" అంది. మాకు నలుగురు చిన్నమ్మలున్నారు కాబట్టి ధీమాగా ఉంది. ఎడిట్ అయ్యాక ఇద్దరికీ మళ్లీ చూపించండి. వద్దన్నది తీసేయండి. మీ జబ్బు మీది, దాన్ని బయట పెట్టే హక్కు మీది. వాళ్ల బతుకు వాళ్లది.

5. షూటింగ్

ఫోన్ చాలు. ట్రైపాడ్ ఒకటి, కాలర్ మైక్ ఒకటి ఉంటే మంచిది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగు తీసుకునే సమయం, దానికి కుదరకపోతే గోడల మీద చారలు పాకుతాయి. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. ఫోకస్, వెలుగు లాక్ చేయండి, లేకపోతే ఫ్యాన్ నీడ తిరిగినప్పుడల్లా ఫోన్ కంగారు పడుతుంది.

కెమెరా కదపొద్దు, దగ్గరికి వెళ్లొద్దు. ముఖం క్లోజప్‌లో పెడితే జాలి పుడుతుంది. దూరంగా పెట్టి, ఫ్రేములో చాప, నేను, అవతల వంటింటి గుమ్మం కనిపిస్తుంటే నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ ఎనిమిది అడుగులు అందరికీ కనిపిస్తున్నాయి. కుక్కర్ సీన్ మొత్తం ఒకే షాట్.

సౌండ్ కోసం ఫ్యాన్, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టండి. బయటికి వెళ్లేటప్పుడు తాళాల కోసం తలుపు తీస్తారు, ఆన్ చేయడం గుర్తొస్తుంది. నేను పెట్టలేదు. దోసెల పిండి పోయింది. ప్రతి గదిలో అర నిమిషం ఊరికే నిశ్శబ్దం రికార్డ్ చేసుకోండి, ఎడిటింగ్‌లో దాని విలువ తెలుస్తుంది. పక్కింటి టీవీలో పాట వస్తుంటే ఆగండి. ఆ పాట మీ సినిమాలో వినిపిస్తే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు.

అన్ని చప్పుళ్లనూ తరిమేయకండి మరి. నేను చాప మీద షాట్‌లో ఉండగా గల్లీలో స్క్రాప్ ఆటో వచ్చింది. మైకులో "పాత కూలర్లు, పాత ఫ్రిజ్‌లు, పనిచేయని వాషింగ్ మెషిన్లు కొంటాం" అంటూ మా గేటు ముందు ఆగింది. నేను మెల్లగా తల తిప్పి గేటు వైపు చూశాను. కావాలని చూడలేదు. ఆ చూపు స్క్రిప్టులో లేదు, రాసినా వచ్చేది కాదు.

షాట్ల జాబితా రెండుగా చేసుకోండి: మంచి రోజువి, చెడ్డ రోజువి. రెండోదాంట్లో పడుకుని తీయగలిగేవే రాయండి. సీలింగ్ ఫ్యాన్, కర్టెన్ సందులో ఎండ, ఛార్జింగ్ 3 శాతం ఉన్న ఫోన్, చెయ్యి అందని దూరంలో ఛార్జర్. మొదటి నెలలో నేను తీసినవి అవే. రోజుకు మూడు గంటలు దాటి షూట్ చేయొద్దు. బయట షూట్ చేయాలంటే మీ గల్లీ, డాబా, తెలిసిన ఆటో చాలు. మెట్రోలోనో, పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చార్మినార్ దగ్గరో తీయాలంటే ముందు అనుమతి తెచ్చుకోవాలి. ఎనిమిది నిమిషాల సినిమాకు ఆ టెన్షన్ ఎందుకు.

6. ఎడిటింగ్: నవ్వును ఎక్కడ ఆపాలి

నా పొట్ట నింపే పని ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది.

మొదట నాలుగు విజిల్స్‌తో కట్ చేశాను. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే మూడుకు బదులు నాలుగంటే మామూలు మరుపు. ఏడుతో కట్ చేస్తే నవ్వారు, కానీ అది ఉత్త బద్ధకం జోకైపోయింది. పదకొండూ ఉంచితే, ఆరు దగ్గర నవ్వు మొదలై, ఎనిమిది దగ్గర పెరిగి, తొమ్మిది దగ్గర పలచబడి, పదో విజిల్‌కి "ఈ అమ్మాయి నిజంగానే లేవలేకపోతోంది" అని గదిలో అందరికీ ఒకేసారి అర్థమవుతుంది. నవ్వు పుట్టే చోటు దాటి షాట్‌ను ఇంకా పట్టుకుని ఉండటమే కిటుకు. పెళ్లి వీడియోలో అయితే నేను రెండో విజిల్‌కే కట్ చేసేదాన్ని.

విజిల్ విజిల్‌కీ మధ్య సమానంగా గ్యాప్ పెట్టకండి. అసలు కుక్కర్ కూడా అలా కూయదు. నేను ఏడుకీ ఎనిమిదికీ మధ్య రెండు సెకన్లు పెంచాను, "ఇక ఆగిపోయిందేమో" అనిపించడానికి. అక్కడ ఇందాక రికార్డ్ చేసుకున్న గది నిశ్శబ్దం వేయాలి. మొత్తం మ్యూట్ చేస్తే టీవీ చెడిపోయినట్టుంటుంది. జోకు మాట పడ్డాక కనీసం 12 ఫ్రేములు, అంటే దాదాపు అర సెకను, ఏమీ జరగనివ్వండి. కామెడీ షోల్లో వచ్చే "టొయ్" చప్పుళ్లు, వెనక నుంచి నవ్వులు, ఏడుపు సీన్‌కి వయొలిన్, ఇవేవీ వద్దు. జనానికి ఎప్పుడు నవ్వాలో చెప్తే వాళ్లు మీ మాట వినడం మానేస్తారు.

భరతుడి నాట్యశాస్త్రంలో నవ్వు ఆరు రకాలు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. పళ్లు కనపడని చిరునవ్వు దగ్గర మొదలై, పక్కలు పట్టుకుని కన్నీళ్లొచ్చే నవ్వు దాకా. మనకు మొదటి రెండూ చాలు. పొట్ట చెక్కలయ్యేలా నవ్విన మనిషి వెంటనే ఇంకో మాట వినలేడు. మనకేమో నవ్వు వెనకాలే ఒక మాట చెప్పే పని ఉంది.

ఎడిటింగ్‌లో ఇంకో ప్రమాదం ఉంది. మీ ముఖాన్నే రోజుకు పదిసార్లు చూడాలి. చెడ్డ రోజున తీసిన రషెస్, అంటే ఇంకా కట్ చేయని క్లిప్పులు, చెడ్డ రోజున చూడకండి. నేను మా ఆఫీసులో ఒక అన్నను కూర్చోబెట్టి ఆ క్లిప్పులు అతనితో సార్ట్ చేయించాను. తనకు ముందు ఏమీ తెలియదు. రెండు గంటలు చూసి హెడ్‌ఫోన్స్ తీసి, "మరి ఆ జోకులన్నీ ఏందే?" అన్నాడు. నా దగ్గర జోకు సిద్ధంగా ఉంది. వేయలేదు.

7. చూపించడం

ముందు ముగ్గురికి చూపించండి: డిప్రెషన్ దాటినవాళ్లు ఒకరు, మీరెవరో తెలియనివాళ్లు ఒకరు, దేనికైనా నవ్వేవాళ్లు ఒకరు. చూస్తున్నప్పుడు మీరు తెర వైపు చూడకుండా వాళ్ల ముఖాల వైపు చూస్తూ, నవ్విన చోటల్లా టైమ్ రాసుకోండి. తర్వాత "బాగుందా" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "ఎక్కడ నవ్వాలా వద్దా అనిపించింది?" అని అడగండి. మొదటి మనిషి నొచ్చుకున్న జోకు, మూడో మనిషి పగలబడి నవ్వినా సరే, తీసేయండి.

జనం ముందు వేయాలంటే పెద్ద హాల్ అక్కర్లేదు. బంజారాహిల్స్‌లో 2010 నుంచి ఉన్న లామకాన్ లాంటి చోట్ల చిన్న సినిమాలు, నాటకాలు చూడటానికే వచ్చే జనం ఉంటారు. మొదట్లో ఈ సినిమా దేని గురించో ఒక ముక్క చెప్పండి, చివర్లో 14416 నంబర్ కనీసం ఐదు సెకన్లు ఉంచండి. ఆత్మహత్య ప్రస్తావన ఉంటే ఎలా అన్నది మాటల్లో గానీ బొమ్మలో గానీ చూపించొద్దు. ఆన్‌లైన్‌లో పెడితే మొదటి వారం కామెంట్లు ఆపేయండి.

సినిమా అయిపోయాక కచ్చితంగా ఎవరో ఒకరు లేచి "ఇప్పుడు ఎలా ఉన్నారండీ?" అని అడుగుతారు. దానికి జవాబు ఇంట్లోనే తయారు చేసుకుని వెళ్లండి, లేకపోతే నోటికి మళ్లీ గడియ జోకే వస్తుంది. నేను "కొన్ని రోజులు మూడు విజిల్స్, కొన్ని రోజులు ఏడు" అని చెప్తాను. అది కూడా జోకే, కాకపోతే నిజం.

మా ఇంట్లోవాళ్లకు లింక్ ఆదివారం పంపాను. సోమవారం సాయంత్రానికి నలుగురు చిన్నమ్మలూ విడివిడిగా ఫోన్ చేశారు. నలుగురూ ఒకటే అడిగారు: "గా వాకింగ్ మాట అన్నది నేనే గదనే?"